జ్వరం దాచనక్కరలేని మైదానం కావాలి
కోల్‌కతా ఫుట్‌బాల్ సంఘాలకు, శిక్షణ శిబిరాలకు, క్రీడాకారుల తల్లిదండ్రులకు విజ్ఞప్తి

కలకత్తా ఫుట్‌బాల్ లీగ్ 1898లో మొదలైన నాటి నుంచి ఈ నగరంలో ఫుట్‌బాల్ ప్రధానంగా వానాకాలపు ఆటగానే సాగుతూ వచ్చింది. దోమలు పెరిగే కాలమూ అదే. డెంగీ వైరస్‌ను మోసే ఈడిస్ ఈజిప్టై దోమ పగటిపూట, అందులోనూ తెల్లవారిన తరువాతి రెండు మూడు గంటల్లోనూ, పొద్దు గుంకే ముందరి గంటల్లోనూ ఎక్కువగా కుడుతుంది. పిల్లల శిక్షణ సాధారణంగా నడిచేది సరిగ్గా ఆ వేళల్లోనే కాబట్టి, రాత్రి దోమతెర కట్టుకోమనే సలహా ఒక్కటే వారిని కాపాడలేదు.

దోమకాటుతో జ్వరాలు వస్తాయన్న సంగతి కోల్‌కతాకు కొత్త కాదు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని గుర్తించిన రోనాల్డ్ రాస్, మరుసటి ఏడు ఈ నగరానికి వచ్చి, నేడు ఎస్ఎస్‌కేఎం అని పిలిచే ప్రెసిడెన్సీ జనరల్ ఆసుపత్రిలో, అంటే ఫుట్‌బాల్ క్లబ్బుల గుడారాలుండే మైదాన్‌కు కూతవేటు దూరంలో, పక్షులపై ప్రయోగాలు చేసి వాటి మలేరియా దోమకాటు వల్లనే వ్యాపిస్తుందని నిరూపించాడు. దేశంలో రక్తస్రావంతో కూడిన డెంగీ తొలిసారి పెద్దయెత్తున చెలరేగింది కూడా 1963-64లో కలకత్తాలోనే.

క్రీడాకారుడికి ఈ జ్వరాలు మామూలు మనిషికంటె ఎక్కువ ప్రమాదం తెచ్చే సందర్భాలున్నాయి. డెంగీలో గండం తరచు జ్వరం తగ్గుముఖం పట్టాకనే మొదలవుతుంది. రక్తనాళాల గోడల నుంచి ద్రవం బయటికి ఊరిపోవడం, రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్ కణాలు పడిపోవడం అప్పుడే జరుగుతాయి గనుక, ఒళ్లు చల్లబడిందని పిల్లవాడు మర్నాడే మైదానంలోకి దిగితే, అప్పుడు తగిలే దెబ్బ చిన్నదైనా ప్రాణం మీదికి రావచ్చు. ఒళ్లునొప్పులకు ఆటగాళ్లు అలవాటుగా మింగే ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్ వంటి మాత్రలు రక్తస్రావాన్ని పెంచుతాయి. మలేరియాలో తరచు ప్లీహం, అంటే ఎడమ డొక్కలో ఉండి పాతబడిన రక్తకణాలను వడగట్టే అవయవం, వాచి ఉంటుంది. ఎదుటివాడి మోచెయ్యి అక్కడ బలంగా తగిలితే అది చిట్లవచ్చు.

అయినా పిల్లలు జ్వరాన్ని దాస్తారు. ఎంపికకు రాకపోతే జట్టులో స్థానం పోతుంది. వయసుల వారీ పోటీల్లో పోయిన ఏడు తిరిగి రాదు. 2020లో భారత్‌లో జరగవలసిన 17 ఏళ్లలోపు బాలికల ప్రపంచ కప్పుకు కోల్‌కతా ఒక వేదిక. కోవిడ్ వల్ల అది వాయిదా పడి, చివరికి రద్దయింది. 2022లో ఆ పోటీ దేశానికి మళ్లీ వచ్చేసరికి 2003, 2004లలో పుట్టిన బాలికలకు వయసు దాటిపోయింది, వేదికల్లో కోల్‌కతా పేరూ లేదు. ఒక మహమ్మారి ఆ బాలికలందరికీ ఒక్కసారిగా చేసినదాన్నే పది రోజుల జ్వరం ఏటా ఒక్కొక్క పిల్లవాడికి విడిగా, ఎవరి కంటా పడకుండా చేస్తోంది. దాచడం పిల్లవాడి తప్పు కాదు. దాచక తప్పని నియమాలు పెట్టినవారిది తప్పు.

కాబట్టి మొదట మారవలసింది ఎంపిక నియమం. పేరులో దేశాన్ని మోస్తున్నా బెంగాల్ ఫుట్‌బాల్‌నే నడిపే ఇండియన్ ఫుట్‌బాల్ అసోసియేషన్, వైద్యుడు ధ్రువీకరించిన జ్వరంతో ఎంపికకు రాలేకపోయిన ప్రతి బాలుడికీ, బాలికకూ కోలుకున్నాక మరో అవకాశం దక్కేలా నియమం రాయాలి. వైద్యుడి అనుమతి చీటీ లేకుండా ఆ పిల్లలను ఆడించిన జట్టుకు పాయింట్లలో కోత పెట్టాలి. మొదటిది లేకుండా రెండోది పెడితే దాపరికం ఇంకా పెరుగుతుంది.

తరువాతది దోమలు గుడ్లు పెట్టే నిలవ నీటి సంగతి. గుడ్డు దోమగా మారడానికి వేసవి, వానాకాలాల్లో వారం పది రోజులు చాలు. వారానికి ఒకసారి గుడారాల మీది పట్టాలను, బకెట్లను, పాత టైర్లను ఒంపేస్తే ఆ చక్రం తెగుతుంది. అయితే మైదాన్ నేల సైన్యం అధీనంలో ఉంది, గుడారాలు క్లబ్బులవి, దోమల నివారణ నగరపాలక సంస్థ పని; ముగ్గురిదీ అయిన పని ఎవరిదీ కాకుండా పోతుంది. జూన్ నుంచి నవంబరు దాకా ఈ మూడు పక్షాలూ కలిసి వారంవారం తనిఖీ చేసి, ఆ ఫలితాన్ని ప్రతి గుడారం గుమ్మం మీద అతికించాలి.

ఈస్ట్ బెంగాల్ క్లబ్బులో ‘పంచ పాండవులు’గా పేరుపడిన ఐదుగురు ఫార్వర్డ్ ఆటగాళ్లలో ఒకరైన తెలుగువాడు అప్పారావు ఆడిన ఈ మైదానానికి పిల్లలను పంపుతున్న తెలుగు తల్లిదండ్రులు కూడా, ఈ ఏడు చేరిక పత్రంపై సంతకం చేసే ముందు శిక్షకుణ్ణి ఒక్క మాట అడగాలి: మా పిల్లకు జ్వరం వస్తే స్థానం ఉంచుతారా? ఆ హామీని కాగితం మీద రాయించుకోండి.