నవలారాణి పాఠకులు ఏం కోరుకున్నారు?

యద్దనపూడి సులోచనారాణి 2018 మే నెలలో అమెరికాలో కన్నుమూసినప్పుడు పత్రికలు ఆమెను ‘నవలారాణి’ అని కీర్తించాయి. ఆమె విరివిగా రాస్తున్న రోజుల్లో మాత్రం విమర్శకుల్లో చాలామంది ఆ నవలల్ని కాలక్షేపపు సరుకని పక్కకు నెట్టేశారు. పొగిడినవాళ్లూ, చులకన చేసినవాళ్లూ కూడా ఒక ప్రశ్నను దాటవేశారు. అంతమంది ఆడవాళ్లు ఈ నవలల్ని అంత ఇష్టంగా ఎందుకు చదివారు?

సులోచనారాణి పుట్టిన ఊరు మొవ్వ దగ్గరి కాజ. 2022లో ఏలూరు జిల్లాలో కలిసేదాకా మన కైకలూరుదీ ఆ కృష్ణా జిల్లాయే. 1960లలో ‘జ్యోతి’ మాసపత్రికలో ధారావాహికగా వచ్చిన ‘సెక్రటరీ’ ఆ తర్వాత పుస్తకంగా ఎన్నోసార్లు అచ్చయింది. 1973లో ‘మీనా’, ‘జీవన తరంగాలు’, 1976లో ‘సెక్రటరీ’ సినిమాలుగా వచ్చాయి. ‘మీనా’కు దర్శకురాలు విజయనిర్మల. కథా, దర్శకత్వమూ రెండూ స్త్రీలవే కావడం ఆనాటి సినిమారంగంలో అరుదు.

1971 జనాభా లెక్కల నాటికి ఆంధ్రప్రదేశ్‌లో చదవడం, రాయడం వచ్చిన ఆడవాళ్లు నూటికి దాదాపు పదహారు మందే. ఆ కొద్దిమందే ఇన్ని వారపత్రికల్ని, ఇన్ని అద్దె పుస్తకాల దుకాణాల్ని నిలబెట్టారు. చాకిరీ అంతా తీరాక దొరికే ఆ గంట ఇంట్లో ఎవరికీ లెక్క చెప్పనక్కరలేని సమయం. దాని విలువను మనం తక్కువ చేయకూడదు.

ఇక ఆ నవలల్లో ఏముంది? ‘సెక్రటరీ’లో జయంతి ఉద్యోగం చేసుకుని బతికే పిల్ల. డబ్బున్న యజమాని రాజశేఖరం ముందు కూడా ఆత్మాభిమానం వదులుకోదు. అప్పటి పాఠకురాలికి అది కొత్త బలం. కానీ ఆ అభిమానానికి చివరికి దక్కే రక్షణ మగవాడి మంచితనమే. అతను మంచివాడు కాకపోతే ఆమె గతేమిటన్నది నవల అడగదు. సులోచనారాణి తరానికే చెందిన రంగనాయకమ్మ తాడేపల్లిగూడెం ప్రాంతంలో పెరిగి, పెళ్లి లోపలి పెత్తనాన్నే ప్రశ్నించారు. పాఠకులు ఇద్దరినీ చదివారు. కలా, ప్రశ్నా ఒకే మనసులో ఉండగలవని దీన్నిబట్టి తెలుస్తుంది.

యజమాని మంచితనం మీద ఆధారపడకుండా బతకడానికే చట్టాలు కావలసి వచ్చాయి. 1985 నుంచి మన రాష్ట్రంలో పిత్రార్జిత ఉమ్మడి ఆస్తిలో, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు కొడుకులతో సమానంగా వాటా వచ్చింది. 1997లో విశాఖ తీర్పు, 2013లో పనిచోట లైంగిక వేధింపుల నిరోధక చట్టం వచ్చాయి. ఈ చట్టం ప్రకారం పదిమంది లేక అంతకు మించి పనిచేసే ప్రతిచోటా ఫిర్యాదుల కమిటీ ఉండి తీరాలి. అంతకంటే తక్కువమంది ఉన్నచోట పనిచేసేవాళ్లూ, ఇళ్లలో పనిచేసేవాళ్లూ జిల్లాలోని స్థానిక కమిటీకి ఫిర్యాదు చేసుకోవచ్చు. సాధారణంగా మూడు నెలల లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి. రాయలేని స్థితిలో ఉంటే రాసిపెట్టడానికి సాయపడడం కమిటీ బాధ్యత.

కొల్లేటి చుట్టుపక్కల రొయ్యలు ఒలిచే షెడ్లలో, చేపల చెరువుల దగ్గర, బట్టల దుకాణాల్లో పనిచేస్తున్న ఆడవాళ్లలో ఎందరికి ఈ సంగతి తెలుసు? వాళ్ల పనిచోట కమిటీ సభ్యుల పేర్లు గోడమీద రాసి ఉన్నాయా? జయంతి ఆత్మాభిమానాన్ని మెచ్చుకున్న మనం అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే.

ఇంకొక పని కూడా ఉంది. రచయిత్రుల పేర్లయినా మిగిలాయి, వాళ్లను చదివిన ఆడవాళ్ల అనుభవాలు ఎక్కడా నమోదు కాలేదు. ముదినేపల్లి, మండవల్లి, కలిదిండి పల్లెల్లో ఆ తరం అమ్మలు, అమ్మమ్మలు ఇంకా మన మధ్య ఉన్నారు. ఏం చదివారో, ఎవరికి తెలియకుండా చదివారో, చదివి ఏం కోరుకున్నారో వాళ్లనే అడిగి రాసి పంపండి. స్త్రీల చరిత్రలో అదీ ఒక అధ్యాయమే.