ఎవరి బిడ్డవు?

పోయిన దసరా సాయంత్రం సిద్దిపేట దగ్గర మా ఊళ్లో జమ్మి ఆకులు పట్టుకుని ఇంటింటికీ తిరుగుతున్నాను. మా వైపు ఆ ఆకును ‘బంగారం’ అంటారని మీలో చాలామందికి తెలుసు. చిన్నవాళ్లు పెద్దవాళ్ల చేతిలో పెట్టి కాళ్లు మొక్కుతారు. ఈడువాళ్లు అలాయ్ బలాయ్ తీసుకుంటారు. అరుగు మీద కూర్చున్న ఒక తాత చేతిలో ఆకు పెడితే, నా ముఖంలోకి చూసి, “ఎవల బిడ్డవమ్మా నువ్వు?” అని అడిగాడు.

నా పేరు చెప్పాను. సికింద్రాబాద్‌లో ఇంగ్లిష్ టీచర్‌ని అని చెప్పాను. ఆయన ఇంకా నా వైపే చూస్తున్నాడు. ఆయన అడిగింది అది కాదు మరి. వెనకనుంచి అమ్మ వచ్చి మా తాత పేరు, బాపు పేరు చెప్పాక గానీ ఆయన ముఖం వికసించలేదు. “అట్లయితే నాకు మనుమరాలివైతవు గదా! మీ తాత, నేను కలిసే బాయి తవ్వినం” అని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఆ బావి నీళ్లు తాగి పెరిగినదాన్ని, అది ఎవరు తవ్వారో ఆ రోజు వరకు నాకు తెలియదు.

తప్పు ఆయన చూపుది కాదు, నాది. బీఈడీ, ఆ తర్వాత ఉద్యోగం అంటూ ఐదారేళ్లుగా నేను ఊరికి వెళ్లిన తీరు ఒకటే. జూబ్లీ బస్ స్టేషన్‌లో సాయంత్రం బస్సెక్కడం, శామీర్‌పేట, ప్రజ్ఞాపూర్ దాటి రాత్రికి చేరడం, తిని పడుకోవడం, మర్నాడు మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలతో తిరుగు బస్సు. దాన్ని ఊరెళ్లడం అనుకున్నాను. నిజానికి అది అమ్మ చేతి వంట తిని రావడమే. పోయినేడు మొదటిసారి ఐదు రోజులున్నాను. ఆ ఐదు రోజుల్లో తెలిసిన విషయం ఒకటి, ఈ దసరా సెలవుల ముందు మీతో చెప్పాలనిపించింది. చుట్టరికం పలకరించి వస్తే నిలవదు. కొన్నాళ్లు ఉండాలి.

మొదట నా తరగతి గది సంగతి చెబుతాను. ఐదో తరగతిలో ‘మై ఫ్యామిలీ’ మీద పేరా రాయించాను. దాదాపు అందరూ నాకు ఇద్దరు అంకుల్స్, ఒక ఆంటీ, ముగ్గురు కజిన్స్ అని రాశారు. ఒక పాప లేచి, “మేడమ్, మా మేనమామ కూడా అంకులే, కింది ఫ్లోర్‌లో ఉండే అంకుల్ కూడా అంకులేనా?” అని అడిగింది. స్పెల్లింగులు దిద్దాను గానీ ఆ ప్రశ్నకు ఆ రోజు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను.

మన భాషలో ఆ ప్రశ్నే రాదు. పెదనాన్న, చిన్నాన్న పిల్లలు, పెద్దమ్మ, చిన్నమ్మ పిల్లలు మనకు అన్న, అక్క, తమ్ముడు, చెల్లి. మేనమామ, మేనత్త పిల్లలైతే బావ, వదిన, మరదలు, బామ్మర్ది. మాట వినగానే అమ్మ వైపా, నాన్న వైపా, పెద్దా, చిన్నా అన్నది చాలావరకు తెలిసిపోతుంది. ఇంగ్లిష్‌లో అంతమందికీ కజిన్ అన్న ఒక్క మాటే. లూయిస్ హెన్రీ మోర్గాన్ అనే అమెరికన్ పండితుడు 1871లో ప్రపంచంలోని బంధుత్వ పదాల మీద ఒక పెద్ద గ్రంథం ప్రచురించాడు. అందులో తమిళ, కన్నడ వరసలతో పాటు మన తెలుగు వరసల పట్టిక కూడా ఉంది. అంత దూరంలో కూర్చున్నవాడికి ఇది శ్రద్ధగా చదవాల్సిన విద్య అనిపించింది. మన పిల్లలకు మాత్రం అది ఇంట్లో దొరికేదైనా అందడం లేదు.

ఈ వరసల వెనుక మేనరికపు పెళ్లిళ్ల ఆచారం ఉంది. ఆ పెళ్లిళ్లు తగ్గుతున్నాయి, డాక్టర్లు కూడా వద్దనే చెబుతారు. కానీ వరసతో వచ్చే చనువు, బాధ్యత పోలేదు. పుట్టు వెంట్రుకలు తీసేటప్పుడు ఇప్పటికీ బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకునేది మేనమామే. ఆ పని ఏ అంకుల్‌కీ అప్పగించం.

ఇక నా ఐదు రోజుల్లో నాలుగో రోజు సంగతి. మా బాపుకు ఒక్కతే చెల్లెలు, పక్క ఊళ్లో ఉంటుంది. పొలం గట్టు దగ్గర వచ్చిన మాట పట్టింపుతో ఆరేళ్లుగా రాకపోకలు లేవు. బతుకమ్మకు ఆడబిడ్డలంతా తల్లిగారింటికి వస్తుంటే మా అత్త మాత్రం రాలేదు. నా ఒక్క రాత్రి ప్రయాణాల్లో ఆ ఖాళీ నాకు కనిపించనే లేదు. ఈసారి బతుకమ్మ పేరుస్తూ తంగేడు పూలు అందిస్తుంటే నానమ్మ, “ఈ వరస మీ అత్త పేర్చేది” అని ఊరుకుంది. నాకు ఆ మాట గుచ్చుకుంది.

దసరా మర్నాడు జమ్మి ఆకు తీసుకుని, మూడో తరగతి చదివే మా అన్న కొడుకును వెంటబెట్టుకుని అత్త ఇంటికి వెళ్లాను. ఆమె గుమ్మంలో నిలబడి లోపలికి రమ్మనలేదు, వద్దనలేదు. “గిన్నేండ్లకు యాదికొచ్చినమా?” అంది. నాకు మాట రాలేదు. అంతలో మావాడు చేతులు జోడించి, “నమస్తే ఆంటీ” అన్నాడు. అత్త వాడి వైపు చూసి, “ఆంటీ ఏందిరా? నేను మీ తాతకు చెల్లెను!” అని నవ్వేసింది. తర్వాత సత్తుపిండి పెట్టింది. “ఇప్పుడు మనకు బస్సు టికెట్టు కూడా లేకపాయె, ఇంకేం సాకు చెప్తవు బిడ్డా?” అని నన్ను నిలదీసింది. చీకటి పడేదాకా వాడు లేగదూడను వదిలి రాలేదు.

గట్టు తగాదా తీరిందని చెప్పను. బాపు, అత్త ఇంకా ముఖాముఖి మాట్లాడుకోలేదు. కానీ సంక్రాంతికి అత్తే ఫోన్ చేసింది. ఈసారి సద్దుల బతుకమ్మకు వస్తానంది.

మీ ఇబ్బందులు నాకు తెలుసు. ఆఫీసులో సెలవు దొరకదు, పండగ రద్దీలో టికెట్లు దొరకవు, ఊళ్లో పిల్లలు రెండో రోజుకే వైఫై అడుగుతారు. ఇందులో మా టీచర్ల వాటా కూడా ఉంది. లావుపాటి హాలిడే హోంవర్క్ ఇస్తాం. నానమ్మ మంచం మీద కూర్చుని పిల్లలు వర్క్‌షీట్లు నింపుతుంటారు. ప్రతి బడిలో తెలుగు బోధన తప్పనిసరి చేస్తూ మన రాష్ట్రంలో 2018లో చట్టం వచ్చింది. పుస్తకంలో తెలుగు మేం నేర్పగలం. ‘అత్తా’ అని పిలిస్తే పలికే మనిషిని మేం ఇవ్వలేం.

‘మాకు ఊరే లేదు మేడమ్’ అనే తల్లిదండ్రులూ ఉన్నారు. సికింద్రాబాద్ కంటోన్మెంటుతో, రైల్వేతో పెరిగిన నగరం. తరాల కిందట తమిళనాడు నుంచో, మహారాష్ట్ర నుంచో వచ్చి ఇక్కడే స్థిరపడిన ఇళ్లు మా తరగతుల్లోనే ఎన్నో. వాళ్లకు ఊరంటే మల్కాజిగిరిలోని పెదనాన్న ఇల్లు కావచ్చు, తార్నాకలోని అత్త ఇల్లు కావచ్చు. అక్కడ రెండు రాత్రులున్నా ఊరెళ్లినట్టే. ఇంకొన్ని ఇళ్లలో దూరం పాటించడానికి గట్టి కారణాలుంటాయి. పిల్లలకు క్షేమం కాని చోటికి చుట్టరికం పేరుతో పంపమని నేననను. నేననేది మాట పట్టింపుల గురించే. పెద్దల అలకను పిల్లలకు వారసత్వంగా ఇవ్వొద్దు.

అందుకే నా విన్నపాలు చిన్నవి. ఈ సెలవుల్లో కనీసం మూడు రాత్రులు ఉండండి. బయల్దేరే ముందు ఎవరిని ఏ వరసతో పిలవాలో పిల్లలకు చెప్పండి. తప్పు పిలిచినా ఫర్వాలేదు, మావాడిలా నవ్వించి వస్తారు. అక్కడ వాళ్లకు ఒక పని అప్పజెప్పండి. గునుగు పూలు కోయడమో, జమ్మి ఆకు తీసుకుని నాలుగు ఇళ్లు తిరగడమో, నానమ్మ వెంట కూరగాయలకు వెళ్లడమో. ఫొటోలో పక్కన నిలబడ్డ ముఖం కంటే కలిసి చేసిన పని ఎక్కువ కాలం గుర్తుంటుంది.

నా తరగతి పిల్లలకు ఈసారి ఇంగ్లిష్ హాలిడే హోంవర్క్ ఒకటే. ఐదుగురు చుట్టాల పేర్లు, వాళ్లను పిలిచే వరస, ఒక్కొక్కరి నోట విన్న ఒక సంగతి. వరసను తెలుగులోనో, వాళ్ల ఇంటి భాషలోనో ఉన్నదున్నట్టే రాయమన్నాను, ‘అంకుల్’ అని రాస్తే మార్కు కోస్తానని కూడా చెప్పాను. బడి తెరిచిన రోజు హాజరు పిలిచేటప్పుడు ఒక్కొక్కరినీ “ఎవరి బిడ్డవు?” అని అడుగుతాను. సమాధానం తొందరగా అయిపోకూడదని నా ఆశ.