28 ఏళ్ళకే గడువు తీరిపోయే హక్కు

మన దేశంలో 21 ఏళ్ళు నిండిన స్త్రీ సర్పంచి కావచ్చు. 25 నిండితే శాసనసభకు, లోక్‌సభకు పోటీ చేయవచ్చు. 35 నిండితే రాష్ట్రపతి పదవికే నిలబడవచ్చు. ఈ పదవుల్లో దేనికీ ఇంత వయసు దాటకూడదన్న నిబంధన లేదు. ముదిమి మీద పడ్డ మగవాళ్ళు మంత్రులుగా ఊరేగుతుంటే ఎవరికీ అభ్యంతరం లేదు. కానీ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న స్త్రీ తన తోటి విద్యార్థుల సంఘానికి అధ్యక్షురాలిగా పోటీ చేయాలంటే మాత్రం ఆమెకు 28 ఏళ్ళు దాటకూడదు! 29వ ఏట ఆమె చట్టాలు చేయడానికి పనికొస్తుంది. హాస్టల్ మెస్సు గురించి, ఫెలోషిప్ బకాయిల గురించి తోటివాళ్ళ తరఫున మాట్లాడడానికి మాత్రం పనికిరాదు.

ఈ వింత నిబంధన ఎక్కడినుంచి వచ్చింది? విద్యార్థి సంఘాల ఎన్నికల్లో డబ్బు, దౌర్జన్యం పెరిగిపోయాయన్న ఫిర్యాదుల మీద సుప్రీంకోర్టు ఆదేశంతో కేంద్ర ప్రభుత్వం మాజీ ప్రధాన ఎన్నికల కమిషనర్ జె.ఎం. లింగ్డో అధ్యక్షతన ఒక కమిటీ వేసింది. 2006లో కమిటీ నివేదిక ఇచ్చింది. అదే ఏడాది సెప్టెంబరు 22న సుప్రీంకోర్టు ఆ సిఫార్సులను అమలు చేయమంది. వాటి ప్రకారం డిగ్రీ విద్యార్థులు 17 నుంచి 22 ఏళ్ళ లోపు, పీజీ విద్యార్థులు 24, 25 ఏళ్ళ లోపు, పరిశోధక విద్యార్థులు 28 ఏళ్ళ లోపు ఉంటేనే పోటీకి అర్హులు. ఆఫీస్ బేరర్ పదవికి ఒక్కసారే పోటీ చేయాలి. పూర్తికాలపు కోర్సులో ఉండాలి. గతంలో విశ్వవిద్యాలయం నుంచి ఎలాంటి క్రమశిక్షణ చర్యా ఎదుర్కొని ఉండకూడదు.

అన్నీ చెడ్డ నిబంధనలని నేననడం లేదు. ఒక అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలు మించకూడదనడం, అచ్చు పోస్టర్లు వద్దనడం మనలాంటి వాళ్ళకు మేలు చేసేవే. డబ్బున్న వాడి గోడలనిండా పోస్టర్ల ముందు చేత్తో రాసుకున్న మన కాగితం నిలబడగలిగేది వాటివల్లే. నా పోరు వయసు నిబంధనతోనూ, దాని వెనకున్న ఆలోచనతోనూ.

"రూల్సు అందరికీ ఒకటేనమ్మా!"

నా సంగతి చెప్తాను. విశ్వవిద్యాలయం పేరు రాయడం లేదు. ఇది ఒక్క చోటి కథ కాదు కనుక. మా అమ్మ బీడీలు చుట్టి నన్ను డిగ్రీ దాకా చదివించింది. 20వ ఏట పెళ్ళి చేశారు. ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్తూ, బిడ్డను పెంచుతూ, మధ్యలో ఎం.ఏ. పూర్తి చేసి పీహెచ్.డి.లో చేరేసరికి నాకు 29. రెండేళ్ళ తర్వాత అధ్యక్ష పదవికి నామినేషన్ వేశాను. ప్రతిపాదించిన వారు, బలపరిచిన వారు ఇద్దరూ పరిశోధక విద్యార్థినులే. ఫెలోషిప్ నెలనెలా అందాలి, క్యాంపస్‌లో పిల్లల సంరక్షణ కేంద్రం పెట్టాలి, లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీకి విద్యార్థి ప్రతినిధులను ఎన్నుకోనివ్వాలి - ఇవీ మా డిమాండ్లు.

నామినేషన్ల పరిశీలనలో ఎన్నికల అధికారి నా పదో తరగతి సర్టిఫికెట్ చూశాడు. అందులో ఉన్నది మా ఊరి మాస్టారు తోచినట్టు వేసిన పుట్టినతేదీ. మా బళ్ళో సగంమంది జూన్‌లోనే పుట్టాం! "మీకు వయసు దాటిపోయింది" అన్నాడు. ఈ నిబంధన మాలాంటి వాళ్ళ మీదే పడుతుందని చెప్పబోయాను. "రూల్సు అందరికీ ఒకటేనమ్మా, మగవాళ్ళకైనా ఆడవాళ్ళకైనా" అని కాగితం పక్కన పెట్టేశాడు.

ఒకటేనా?

28 ఏళ్ళకు పీహెచ్.డి. సగం దాటి ఉండేది ఎవరు? చదువు మధ్యలో ఆగనివాళ్ళు. డిగ్రీ అవగానే పీజీ, పీజీ అవగానే పరిశోధన - ఇంట్లో ఎవరూ "ఇక చాలు" అనని వాళ్ళు. మన ఇళ్ళలో ఆ మాట ఎక్కువగా వినేది ఆడపిల్ల. ఆమె చదువుకు పెళ్ళి అడ్డం, కాన్పు అడ్డం, అత్తమామల అనారోగ్యం అడ్డం, మొగుడి బదిలీ అడ్డం. వీటన్నిటినీ దాటుకుని విశ్వవిద్యాలయం గడప తొక్కేసరికి ఏళ్ళు గడిచిపోతాయి. పేద కుటుంబాల నుంచి, దళిత, గిరిజన, వెనకబడిన కులాల నుంచి మొదటి తరంగా వచ్చేవాళ్ళకు ఈ ఆలస్యం ఇంకా ఎక్కువ.

ఇది నా ఊహ కాదు. ప్రభుత్వమే ఒప్పుకున్న సత్యం. జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్‌కు వయోపరిమితి 30 ఏళ్ళయితే స్త్రీలకు 5 ఏళ్ళ సడలింపు ఇస్తున్నారు. అంటే 34 ఏళ్ళ స్త్రీని పరిశోధనకు రమ్మని పిలిచి, డబ్బిస్తున్నారు. యూజీసీ 2016 నిబంధనలు పీహెచ్.డి. పూర్తి చేయడానికి స్త్రీలకు అదనంగా 2 ఏళ్ళ గడువు, ప్రసూతికీ బిడ్డ పెంపకానికీ 240 రోజుల సెలవు ఇచ్చాయి. స్త్రీల చదువు ఆలస్యంగా సాగుతుందని చదువు విషయంలో తెలిసిన వ్యవస్థకు, నాయకత్వం దగ్గరకు వచ్చేసరికి ఆ తెలివి ఏమైంది? చదువుకో, పరిశోధన చెయ్యి, కానీ నోరు మాత్రం ఎత్తకు - అనడమే కదా దీని అర్థం!

గ్రామాల్లో పనిచేసే మీకు ఇలాంటి నిబంధన కొత్త కాదు. 1994 ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టంలో ఇద్దరికి మించి పిల్లలుంటే పోటీకి అనర్హులన్నారు. అందులోనూ 'స్త్రీ' అన్న మాట లేదు. అదీ "అందరికీ ఒకటే". కానీ ఎంతమంది పిల్లల్ని కనాలో నిర్ణయించే హక్కు ఇంట్లో ఎవరికుంది? మూడో కాన్పుకు శిక్ష ఎవరికి పడింది? హర్యానాలో ఇలాంటి నిబంధననే 2003లో సుప్రీంకోర్టు సమర్థించింది. ఆంధ్రప్రదేశ్ దాన్ని ఎత్తివేయడానికి 2024 దాకా పట్టింది. అక్కడ పిల్లల లెక్క, ఇక్కడ వయసు లెక్క. స్త్రీ జీవితాన్ని ఇతరులు నిర్ణయిస్తారు, ఆ నిర్ణయాల ఫలితం చూపించి ఆమెను అనర్హురాలంటారు.

క్రమశిక్షణ ఎవరిది?

వయసు గండం దాటిన వాళ్ళకు ఇంకో గండం ఉంది. క్రమశిక్షణ చర్య ఎదుర్కొన్న వాళ్ళు పోటీకి పనికిరారు. అబ్బాయిల హాస్టల్‌కు గేటు వేళలుండవు. అమ్మాయిల హాస్టల్‌కు ఉంటాయి. రాత్రి లైబ్రరీ నుంచి ఆలస్యంగా వస్తే సంజాయిషీ, నిలదీస్తే నోటీసు, గేటు దగ్గర బైఠాయిస్తే చర్య. 2015లో ఢిల్లీలో విద్యార్థినులు 'పింజ్రా తోడ్' పేరుతో కదిలింది ఈ పంజరం మీదనే. అలాంటి పోరాటంలో ముందు నిలిచిన అమ్మాయే కదా సహజంగా నాయకురాలయ్యేది? సరిగ్గా ఆమెనే ఈ నిబంధన ఏరి పారేస్తుంది.

దళిత విద్యార్థుల విషయంలో ఇది ఎంత దూరం పోగలదో హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో చూశాం. 2015 డిసెంబరులో అయిదుగురు దళిత పరిశోధక విద్యార్థులను హాస్టళ్ళ నుంచి వెళ్ళగొట్టి, విద్యార్థి సంఘ ఎన్నికల్లో పాల్గొనకూడదన్నారు. వారిలో ఒకరైన రోహిత్ వేముల 2016 జనవరి 17న ప్రాణం తీసుకున్నాడు. ఎన్నికల నుంచి వెలివేయడం చిన్న శిక్ష అనుకునేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి. అది మనిషి గొంతును లాక్కోవడం.

పరిశోధక విద్యార్థికి సంఘం సరదా వ్యవహారం కాదు. ఆమె జీవితమంతా ఒక్క గైడు సంతకం మీద ఆధారపడి ఉంటుంది. ఫెలోషిప్‌కు అతని సంతకం, ప్రగతి నివేదికకు అతని సంతకం, చివరికి థీసిస్‌కూ అతని సంతకం. ఆ సంతకానికి ప్రతిఫలంగా ఇంటి పనులు చేయించుకునే వాళ్ళున్నారు, అంతకంటే నీచమైనవి అడిగే వాళ్ళున్నారు. ఆ గదిలో ఆమె ఒంటరిది. ఆమె వెనక ఎన్నికైన సంఘం ఉందన్న ఒక్క భయమే కొంతమందినైనా అదుపులో పెట్టేది.

సలహాదారు అక్కలు, కల్చరల్ సెక్రటరీ చెల్లెళ్ళు

"వయోపరిమితి లేకపోతే నలభై ఏళ్ళొచ్చినా క్యాంపస్ వదలని దాదాలు మళ్ళీ వస్తారు" అని కొందరు మిత్రులంటారు. మంచి ప్రశ్నే. కానీ ఆ దాదాలు ఎక్కడికి పోయారు? నామినేషన్ వేయలేని వాళ్ళు వెనక కూర్చుని ప్యానెళ్ళు తయారుచేస్తున్నారు. వాళ్ళకు కుల బలం, పార్టీ ఆఫీసు అండ, మోటారు సైకిళ్ళు ఉన్నాయి. పదవి లేకపోయినా పెత్తనం నడుస్తుంది. వయసు దాటిన స్త్రీకి ఆ వెనక గది లేదు. ఆమెకు ఏదన్నా అధికారం వస్తే ఓటు ద్వారానే రావాలి. కాబట్టి ఈ నిబంధన దాదాను ఆపలేదు, ఆమెను ఆపింది. దాదాలను ఆపాలంటే కోర్సు తర్వాత కోర్సులో చేరి తిష్ఠ వేయడాన్ని ఆపండి. పరిశోధనకు ఎలాగూ గడువుంది. ఆ గడువులో రిజిస్ట్రేషన్ ఉన్న ప్రతి విద్యార్థికీ పోటీ చేసే హక్కు ఉండాలి.

మన ప్రగతిశీల సంఘాల సంగతీ చెప్పుకోవాలి. నా నామినేషన్ తిరస్కరించాక వాళ్ళు సానుభూతిగా "అక్కా, మీరు సలహాదారుగా ఉండండి" అన్నారు. వయసున్న చెల్లెళ్ళకేమో జాయింట్ సెక్రటరీ, కల్చరల్ సెక్రటరీ. అధ్యక్ష పదవి దగ్గరకు వచ్చేసరికి "అబ్బాయిల హాస్టళ్ళలో రాత్రిపూట ప్రచారం చేయగలదా?" అన్న అనుమానం. ప్రచారం రాత్రి అబ్బాయిల హాస్టల్లోనే ఎందుకు జరగాలి, పగలు అందరి ముందూ చర్చ ఎందుకు పెట్టకూడదు అని ఎవరూ అడగరు. "మీ ఆయన ఒప్పుకున్నాడా?" అని నన్ను అడిగిన వాళ్ళలో స్త్రీల సమానత్వం మీద ఉపన్యాసాలిచ్చే వాళ్ళు కూడా ఉన్నారు. ఏ మగ అభ్యర్థినైనా "మీ ఆవిడ ఒప్పుకుందా?" అని అడిగారా?

ఓటర్లు ఆడవాళ్ళకు ఓటు వేయరన్నది సాకు మాత్రమే. 2015లో అలహాబాదు విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థిని రిచా సింగ్ స్వతంత్ర అభ్యర్థిగా అధ్యక్షురాలైంది. 2018లో పంజాబ్ విశ్వవిద్యాలయ విద్యార్థి కౌన్సిల్‌కు కనుప్రియ తొలి మహిళా అధ్యక్షురాలైంది. ఆ ఏడాదే అక్కడ అమ్మాయిల హాస్టళ్ళ వేళలపై పెద్ద ఆందోళన జరిగి ఆంక్షలు సడలాయి. పదవి అలంకారం కాదనడానికి ఇంతకంటే ఏం కావాలి?

అసలు ఎన్నికలే లేని చోట

తెలుగు నేల మీద ఇంకా పెద్ద ప్రశ్న ఉంది. 1980ల చివర హింస పేరు చెప్పి మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో సంఘ ఎన్నికలు ఆపేశారు. ఆ తర్వాత పుట్టిన పిల్లలు చదువులు పూర్తిచేసి తల్లులయ్యారు. ఎన్నికలు మాత్రం రాలేదు. లింగ్డో నివేదికను వయసు విషయంలో అక్షరం తప్పకుండా పాటించమనేవాళ్ళు అదే నివేదికలోని ఇంకో మాటను చూడరు. ఏటా ఎన్నికలు జరగాలనీ, నామినేషన్ పద్ధతి ఉన్నచోట 5 ఏళ్ళలో ఎన్నికల పద్ధతికి మారాలనీ అందులో ఉంది. 2011 నాటికే ఆ గడువు తీరింది! మన హక్కును కత్తిరించే వాక్యం శాసనం, మనకు హక్కునిచ్చే వాక్యం సలహా!

దీని దెబ్బ సూటిగా స్త్రీల భద్రత మీద పడుతోంది. యూజీసీ 2015 లైంగిక వేధింపుల నిరోధక నిబంధనల ప్రకారం విద్యార్థులకు సంబంధించిన ఫిర్యాదు విచారించేటప్పుడు అంతర్గత కమిటీలో ముగ్గురు విద్యార్థులు ఉండాలి. ఒకరు డిగ్రీ, ఒకరు పీజీ, ఒకరు పరిశోధన స్థాయి. వాళ్ళు పారదర్శకమైన ప్రజాస్వామిక పద్ధతిలో ఎన్నికై ఉండాలి. ఎన్నిక అన్న మాటే మరిచిపోయిన క్యాంపస్‌లో వాళ్ళను ఎవరు ఎన్నుకుంటారు? అధికారులు 'మంచి అమ్మాయి'ని చూసి వేసుకుంటారు. గైడు మీద ఫిర్యాదు చేసిన పరిశోధక విద్యార్థిని, గైడు స్నేహితులు ఎంపిక చేసిన కమిటీ ముందు నిలబడాలి. న్యాయం ఎక్కడినుంచి వస్తుంది?

ఇది విద్యార్థుల సొంత గొడవ అని మహిళా సంఘాలు పక్కన పెట్టకూడదు. పంచాయతీల్లో మూడో వంతు సీట్ల కోసం, చట్టసభల్లో ప్రాతినిధ్యం కోసం మనం దశాబ్దాలుగా కొట్లాడాం. 2023లో చట్టసభల రిజర్వేషన్‌కు రాజ్యాంగ సవరణ జరిగింది. రేపు ఆ సీట్లలో కూర్చోవలసిన స్త్రీలు ఎక్కడ తర్ఫీదు పొందాలి? మొగుళ్ళ పక్కనా, తండ్రుల పక్కనా?

అందుకే మన డిమాండ్లు ఇవి:

పరిశోధక విద్యార్థులకు 28 ఏళ్ళ వయోపరిమితి ఎత్తివేయాలి. రిజిస్ట్రేషన్ ఉన్నంతకాలం పోటీ చేసే హక్కు ఉండాలి.

హాస్టల్ వేళలు, ధర్నాలు, నిరసనల పేరుతో ఇచ్చిన నోటీసులనూ తీసుకున్న చర్యలనూ అనర్హతగా లెక్కించకూడదు.

సంఘాల పదవుల్లో సగం స్త్రీలకు కేటాయించాలి. అధ్యక్ష పదవి వంతులవారీగా స్త్రీలకు రావాలి.

రెండు తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల్లో వెంటనే ఎన్నికలు జరపాలి. అంతర్గత కమిటీల విద్యార్థి ప్రతినిధులను విద్యార్థులే ఎన్నుకోవాలి.

మీ ఊళ్ళో, మీ జిల్లాలో విశ్వవిద్యాలయం ఉంటే వెళ్ళి అడగండి: మీ అంతర్గత కమిటీలో విద్యార్థి ప్రతినిధులు ఎవరు, వాళ్ళను ఎవరు ఎన్నుకున్నారు? సమాచార హక్కు చట్టం కింద రాతపూర్వకంగా అడగండి. వచ్చిన జవాబులన్నీ ఒకచోట చేర్చి యూజీసీ ముందు, అవసరమైతే కోర్టు ముందు పెడదాం. 28 ఏళ్ళకే మన గొంతుకు గడువు తీరిపోయిందని చెప్పే కాగితాన్ని వాళ్ళు చూపిస్తున్నారు. మన దగ్గరా కాగితాలున్నాయని చూపించాలి.