పేరు దాతది... పరువు పేదవాడిది

నర్సీపట్నం అబీద్ సెంటర్‌లో కట్టిన ఫ్లెక్సీలను చూస్తే చాలు, ఏ కాలం నడుస్తున్నదో తెలిసిపోతుంది. ఎండలు ముదిరితే చలివేంద్రాలు, మజ్జిగ పంపిణీ. జూన్‌లో బడులు తెరిచే వేళకు నోటు పుస్తకాలు, సంచులు. వినాయక చవితికీ, దసరాకూ అన్నసమారాధనలు. చలి మొదలైతే చింతపల్లి, లంబసింగి వైపు గిరిజన గ్రామాలకు దుప్పట్లు. రంజాన్ నెల వస్తే ఇఫ్తార్ విందులు, సరుకుల సంచులు. వీటిలో చాలావాటి వెనుక ఏదో ఒక వ్యాపార సంస్థ పేరు ఉంటుంది. బట్టల దుకాణం, నగల దుకాణం, ప్రైవేటు కళాశాల, స్థలాలు అమ్మే సంస్థ, ఇలా ఎవరి శక్తి కొద్దీ వారు ముందుకు వస్తున్నారు.

నిజానికి ఇది కొత్త సంగతి కాదు. ఏజెన్సీకి ముఖద్వారం లాంటి ఈ ఊళ్లో బజారు ఎప్పుడూ నలుగురికీ పెట్టింది. మస్జిదుకు చందా అడిగితే హిందూ వర్తకుడు రసీదు రాయించుకునేవాడు. ఊరి పండుగకు ముస్లిం వర్తకుడు తన వంతు ఇచ్చేవాడు. అయితే ఒక మార్పు వచ్చింది. అప్పట్లో దాత పేరు రసీదు పుస్తకంలో ఉండేది. ఇప్పుడు నిలువెత్తు ఫ్లెక్సీ మీద, ప్రతి ఇంటి సెల్‌ఫోనులో ఉంటున్నది. దాత పేరుతోపాటు పుచ్చుకున్నవాడి ముఖం కూడా అక్కడికి చేరింది. ఈ మార్పు గురించే మనం ఆలోచించవలసి ఉంది.

బహిరంగ దానం తప్పా?

కొందరు సోదరులు, పేరు వేసుకున్న ప్రతి దానమూ వృథాయే అంటారు. ఇది తొందరపాటు మాట. దివ్య ఖుర్‌ఆన్ బఖరా సూరా 271వ ఆయత్‌లో అల్లాహ్ బహిరంగంగా చేసే దానాన్ని కూడా మంచిదనే పేర్కొన్నాడు. రహస్యంగా పేదలకు ఇవ్వడం దాతకు మరింత మేలని తెలిపాడు. అంటే రెండు దారులూ తెరిచే ఉన్నాయి, ఒకటి మరొకదానికంటే శ్రేష్ఠం.

ముస్లిం హదీసు గ్రంథంలో ఒక సంఘటన ఉంది. ముజర్ తెగకు చెందిన కొందరు ఒంటి మీద సరైన బట్ట లేకుండా మదీనాకు వచ్చారు. వారి దురవస్థ చూసి దైవప్రవక్త (స) ముఖ కవళికలు మారిపోయాయి. నమాజు చేయించి, దానం చేయమని ప్రజలను ప్రోత్సహించారు. ఒక అన్సారీ సహచరుడు చేతికి మోయరానంత బరువైన సంచి అందరి ముందూ తెచ్చి పెట్టారు. అది చూసి ఒకరి వెనుక ఒకరు రాసాగారు. ధాన్యం ఒక కుప్ప, బట్టలు ఒక కుప్ప పేరుకున్నాయి. మంచి పనికి నాంది పలికిన వ్యక్తికి తన పుణ్యంతోపాటు, తనను అనుసరించిన వారి పుణ్యం వంటిది కూడా లభిస్తుందని ప్రవక్త (స) అప్పుడే బోధించారు. కాబట్టి ఒక వ్యాపారి అందరికీ తెలిసేలా ఇచ్చి, ఇంకో నలుగురిని కదిలిస్తే అది అభినందనీయమే.

మరి హద్దు ఎక్కడ ఉంది? అదే సూరా 264వ ఆయత్ ఆ హద్దును చూపుతున్నది. చేసిన మేలును ఎత్తిపొడిచి, పుచ్చుకున్న వ్యక్తి మనసు నొప్పించి, దానాన్ని వ్యర్థం చేసుకోవద్దని అల్లాహ్ హెచ్చరించాడు. కేవలం జనం చూడాలని ఖర్చు చేసేవాడిని, పలుచని మట్టి కప్పిన బండరాయితో పోల్చాడు. ఒక్క జడివానతో ఆ మట్టి కొట్టుకుపోతుంది, బండ మాత్రం మిగులుతుంది. దాత మనసులో ఏముందో అల్లాహ్‌కే తెలుసు. దానిపై తీర్పు చెప్పే అధికారం మనకు లేదు. కానీ పుచ్చుకున్నవాడి మనసు నొచ్చిందా లేదా అన్నది మన కళ్లకు కనిపించే విషయం. దానిని చూడవలసిన బాధ్యత మనందరిదీ.

నా చేతిరాతతో రాసిన జాబితా

కొన్నేళ్ల కిందట ఒక జూన్ నెలలో ఊళ్లోని ఒక దుకాణం వారు పేద పిల్లలకు పుస్తకాలు, సంచులు ఇస్తామన్నారు. పేర్లు రాసి ఇవ్వమని నన్నే అడిగారు. సంతోషంగా రాసి ఇచ్చాను. పంపిణీ నాడు వేదిక మీద నేనూ నిలబడ్డాను. ఫొటోలు తీశారు. వారం తిరగకుండా ఒక పెద్ద ఫ్లెక్సీ వెలిసింది. దాని మీద దుకాణం పేరు, యజమాని చిరునవ్వు, చేతులు చాచి సంచి అందుకుంటున్న ఒక పిల్లవాడు. నా దగ్గర ఖుర్‌ఆన్ చదువుకునే పిల్లవాడే. తండ్రి లేడు.

నాలుగు రోజులు వాడు చదువుకు రాలేదు. తర్వాత వాళ్ల అమ్మ వచ్చింది. "హజ్రత్, బడిలో పిల్లలు వీడిని ఫ్లెక్సీ అని పిలుస్తున్నారట. ఆ వీధిలోంచి వెళ్లనంటున్నాడు. ఆ సంచి తిరిగి ఇచ్చేస్తాను, బొమ్మ తీసేయమని చెప్పండి" అంది.

యజమానిని కలిశాను. ఆయన చెడ్డ మనిషి కాదు. "మౌల్వీగారూ, నలుగురికీ తెలియకపోతే మేము పెట్టిన ఖర్చుకు ఫలితం ఏముందండీ?" అన్నాడు. తన మటుకు తాను నిజమే చెప్పాడు. రెండు వారాలకు ఫ్లెక్సీ దిగింది. పిల్లవాడు మళ్లీ చదువుకు వచ్చాడు గాని, ఆ సంచి మాత్రం ఏనాడూ భుజాన వేసుకోలేదు. ఆ యజమానిని ఒక్కడినే తప్పుపట్టలేను. జాబితా నా చేతిరాతతో ఉంది. ఫొటో తీయవద్దని ముందే చెప్పవలసింది నేనే.

ప్రచారం వేరు, దానం వేరు

ఆ యజమాని అన్న మాటలో మరో ప్రశ్న ఉంది. ఫలితం కోసం పెట్టిన ఖర్చు దానమా, ప్రచారమా? ఆశ్చర్యమేమిటంటే, మన దేశ చట్టం కూడా ఈ రెంటినీ వేరు చేసింది. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. నికర విలువ 500 కోట్ల రూపాయలు గాని, టర్నోవరు 1000 కోట్లు గాని, నికర లాభం 5 కోట్లు గాని ఉన్న కంపెనీ, గత మూడేళ్ల సగటు లాభంలో నూటికి 2 వంతులు సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. అయితే ఒక్కసారి జరిపే పరుగు పందాలు, అవార్డుల సభలు, ప్రకటనలు, టీవీ కార్యక్రమాల స్పాన్సర్‌షిప్ వంటివి ఆ లెక్కలోకి రావని 2014 జూన్ 18న కేంద్రం సర్క్యులర్ ఇచ్చింది. తన సరుకుకు గిరాకీ పెంచుకునేందుకు కంపెనీ చేసే స్పాన్సర్‌షిప్ కూడా ఆ లెక్కలోకి రాదని 2021 జనవరిలో సవరించిన నిబంధనలు స్పష్టం చేశాయి.

మన ఊరి దుకాణాలకు ఈ చట్టం వర్తించదు. కానీ అందులోని న్యాయం మాత్రం అందరికీ వర్తిస్తుంది. ప్రచారం చేసుకోవడం పాపం కాదు. అది వ్యాపారంలో భాగం, ధర్మసమ్మతంగా చేసుకోవచ్చు. ప్రచారపు ఖర్చును దానంగా లెక్క రాసుకోవడమే తప్పు.

ముస్లిం వ్యాపారులకు ఇక్కడ ఒక ప్రత్యేక హెచ్చరిక అవసరం. ఇఫ్తార్ విందుకు పెట్టిన ఖర్చును కొందరు జకాత్‌లో తీసివేసుకుంటున్నారు. ఇది సరికాదు. జకాత్ ఎవరికి చెందాలో తౌబా సూరా 60వ ఆయత్ ఎనిమిది వర్గాలుగా నిర్ణయించింది. హనఫీ ఫిఖహ్ ప్రకారం జకాత్ సొమ్మును అర్హుడి చేతికి ఇచ్చి, దానికి అతడిని యజమానిని చేయాలి. ఉన్నవారూ లేనివారూ కలిసి కూర్చుని తినే విందుతో ఆ షరతు నెరవేరదు. ఆ విందుకు ఇఫ్తార్ చేయించిన పుణ్యం వేరుగా ఉంటుంది. అలాగే చలివేంద్రానికీ, గిరిజన సోదరులకు ఇచ్చే దుప్పట్లకూ సదఖా సొమ్ము వాడాలి. సదఖా ఏ మతం వారికైనా ఇవ్వవచ్చు. జకాత్ మాత్రం ముస్లిం పేదల హక్కు.

లెక్క కష్టమైనది కాదు. అమ్మకానికి ఉన్న సరుకు విలువ, చేతిలోని నగదు, రావలసిన బాకీలు కలపండి. చెల్లించవలసిన అప్పులు తీసివేయండి. మిగిలినది 612 గ్రాముల వెండి విలువకు తగ్గకుండా ఉండి ఏడాది తిరిగితే నూటికి రెండున్నర వంతులు జకాత్. 20 లక్షలు మిగిలితే 50 వేలు. ఆ 50 వేలు పేదలకు చేరిన తర్వాత, విందులు ఎన్ని ఇచ్చినా మీ ఇష్టం.

ఒక్క రోజు విందు, ఏడాది పొడవునా మేలు

మన తెలుగునేల మీదే జరిగిన ఒక ఉదాహరణ చూద్దాం. సత్యం కంప్యూటర్స్ కుటుంబం వారు 2001లో బైర్రాజు ఫౌండేషన్ స్థాపించారు. వందకు పైగా గ్రామాల్లో మంచినీరు, వైద్యం, చదువు అందించారు. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 అంబులెన్సు సేవ మొదలైంది కూడా ఆ యజమాని చొరవతోనే. అవి నిజమైన సేవలే, ఎందరో ప్రాణాలతో బయటపడ్డారు. కానీ 2009 జనవరి 7న, కంపెనీ లెక్కల్లో లేని వేల కోట్లు ఉన్నట్లు చూపామని ఆ కంపెనీ అధిపతే లేఖ రాశారు. కంపెనీ కుప్పకూలింది. ఫౌండేషన్ పనులు కుంచించుకుపోయాయి. 108 మాత్రం ఆగలేదు. నిర్వహణ ఖర్చులో అధిక భాగం అప్పటికే ప్రభుత్వం భరిస్తుండటం, మరొక సంస్థ బాధ్యత స్వీకరించడం దానిని నిలబెట్టాయి. ఒక మనిషి జేబు మీద ఆధారపడిన మేలు ఆ జేబుతోనే పోతుందనడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కరలేదు. ఎంత దానం చేసినా అది తప్పుడు లెక్కను ఒప్పు చేయదని కూడా దీనివల్ల తెలుస్తున్నది.

మరో ఉదాహరణ మన దస్తర్‌ఖాన్ మీదే ఉంది. ఇఫ్తార్ వేళ మనం తాగే రూహ్ అఫ్జా షర్బతును తయారు చేసే హమ్‌దర్ద్ సంస్థను 1906లో ఢిల్లీలో హకీం అబ్దుల్ మజీద్ ప్రారంభించారు. ఆయన కుమారుడు హకీం అబ్దుల్ హమీద్ 1948లో ఆ వ్యాపారాన్ని వక్ఫ్ చేశారు. అప్పటి నుంచి ఆ లాభాలతో విద్యకూ వైద్యానికీ సాయం అందుతున్నది. అదే కృషి ఫలితంగా వెలసిన జామియా హమ్‌దర్ద్‌కు 1989లో డీమ్డ్ విశ్వవిద్యాలయ హోదా లభించింది. దాత కన్నుమూసిన తర్వాత కూడా దానం సాగుతున్నది. షరీఅత్ పరిభాషలో దీనినే సదఖయె జారియా అంటారు.

మన ఊరి వ్యాపారి ఇంత చేయలేడు, నిజమే. కానీ ఒక్క సాయంత్రం విందుకు పెట్టే సొమ్ముతో ఒక అనాథ బాలిక ఇంటర్ ఫీజు తీరుతుంది. ఒక వితంతువుకు కుట్టు మిషను వస్తుంది. ఎండల్లో రెండు నెలలు నీళ్లిచ్చి తీసేసే పందిరి బదులు, ఆస్పత్రి దగ్గర ఏడాది పొడవునా నడిచే మంచినీటి ఏర్పాటు చేయవచ్చు. హజ్రత్ ఉస్మాన్ (రజి) మదీనాలో రూమా బావిని కొని ప్రజలకు ధారపోసింది ఇటువంటి ఉద్దేశంతోనే.

కమిటీలు ఏం చేయాలి?

దాతలకు నీతులు చెప్పి ఊరుకుంటే చాలదు. పంపిణీకి చోటు ఇచ్చేదీ, పేర్లు రాసి ఇచ్చేదీ మస్జిద్ కమిటీలు, యువజన సంఘాలే. కనుక కొన్ని నియమాలు మనమే పెట్టుకోవాలి.

మొదటిది, పుచ్చుకునేవారి ఫొటో గాని, వీడియో గాని తీయరాదు. దాత పేరు బోర్డు మీద రాయండి, సరుకుల ఫొటో తీసుకోనివ్వండి. మనిషి ముఖం మాత్రం వద్దు. రెండవది, సరుకుల సంచులను వరుసలో నిలబెట్టి ఇవ్వకుండా చీకటి పడ్డాక ఇళ్లకే చేర్చాలి. మూడవది, జకాత్, ఫిత్రా, సదఖా, విందు చందా వేటికవే వేరు లెక్కగా రాయాలి. ఫిత్రా పండుగ నమాజుకు ముందే అర్హులకు చేరాలి. వచ్చినదీ పోయినదీ మస్జిద్ నోటీసు బోర్డు మీద పెట్టాలి. నాలుగవది, సొమ్ము ఎక్కడిదో చూడాలి. మద్యం, వడ్డీ వ్యాపారాల సొమ్ముతో ఇఫ్తార్ వద్దని మర్యాదగా చెప్పాలి. హిందూ సోదరులు స్వచ్ఛమైన సంపాదనతో, షరతు లేకుండా ఇస్తే ప్రేమతో స్వీకరించాలి. ముస్లిమేతర పాలకులు పంపిన కానుకలను ప్రవక్త (స) స్వీకరించారు. ఐదవది, దాతను ఒక్క ప్రశ్న అడిగే ధైర్యం కావాలి. మీ దుకాణంలో పనిచేసే కుర్రాళ్లకు జీతం సకాలంలో అందుతున్నదా? కూలివాడి చెమట ఆరకముందే కూలి చెల్లించమన్నది ప్రవక్త (స) బోధన. జీతం ఆపి ఇచ్చే విందులో సొమ్ము ఆ గుమాస్తాదే గాని దాతది కాదు.

వ్యాపార సోదరులారా! మీ ఔదార్యం లేకపోతే ఈ ఊళ్లో ఎన్నో ఇళ్లలో పండుగ నాడు పొయ్యి వెలగదు. ఈ మాట మేము మరువము. మీ పేరు వేసుకోండి, మీ వ్యాపారం వర్ధిల్లాలి. పేదవాడికి మిగిలిన ఒకే ఒక ఆస్తి పరువు. దానిని మాత్రం ఫ్లెక్సీకి ఎక్కించకండి. ఇమామ్ జైనుల్ ఆబిదీన్ (రహ్మ) రాత్రివేళ పిండి బస్తాలు వీపున మోసుకుని మదీనా పేదల గుమ్మాల దగ్గర పెట్టి వెళ్లేవారు. ఆయన మరణించి, రాత్రి సాయం ఆగిపోయిన తర్వాతనే తమకు పెట్టినది ఎవరో ఆ ఇళ్లవారికి తెలిసింది. పన్నెండు ఫ్లెక్సీల్లో ఒక్కటైనా ఈ బాటలో తగ్గించుకుని, ఆ దానాన్ని అల్లాహ్‌కు మాత్రమే తెలిసేలా చేయండి.

మన దానాలను స్వీకరించి, మన చేతుల వల్ల ఎవరి మనసూ నొచ్చకుండా అల్లాహ్ కాపాడుగాక! ఆమీన్.