చిన్న తూటా.. మానని గాయం

పందులను చంపేందుకు అనుమతి సరే.. ఆయుధం మాటేమిటి?

అచ్చంపేట/దేవరకొండ: వేరుశనగ ఊడలు దిగే వేళకు నల్లమల అంచు పల్లెల్లో రైతుకు కంటి మీద కునుకు ఉండదు. పగలంతా చేలో పనిచేసి, రాత్రి మంచె ఎక్కి టార్చిలైటుతో, డబ్బా మోతతో తెల్లవార్లూ జాగారం చేయాల్సిందే. ఒక్క రాత్రి ఏమరుపాటుగా ఉంటే అడవి పందుల మంద సాళ్లకు సాళ్లు పెళ్లగించి పోతుంది. నాగర్‌కర్నూల్ జిల్లాలోని అమ్రాబాద్, పదర, లింగాల, బల్మూరు మండలాల్లోనూ, నల్లగొండ జిల్లాలోని చందంపేట, డిండి, నేరెడుగొమ్ము మండలాల్లోనూ ఇదే దుస్థితి. చేను చుట్టూ పాత చీరలు కట్టినా, మైకులో కుక్కల అరుపులు వినిపించినా నాలుగు రోజుల ముచ్చటే. ఐదో రోజుకు పంది వాటికి అలవాటు పడుతుంది.

ఈ నేపథ్యంలో పంటలను నాశనం చేస్తున్న అడవి పందులను కాల్చి చంపేందుకు రాష్ట్ర ప్రభుత్వం 2021లో వెసులుబాటు కల్పించింది. సర్పంచులకు గౌరవ వన్యప్రాణి వార్డెన్ల హోదా ఇచ్చి, గుర్తింపు పొందిన షూటర్లను పిలిపించుకునే అధికారం అప్పగించింది. మరుసటి ఏడాది కేరళ ప్రభుత్వమూ స్థానిక సంస్థల అధ్యక్షులకు ఇలాంటి అధికారమే ఇచ్చింది. అయితే 2024 ఫిబ్రవరిలో ఇక్కడి సర్పంచుల పదవీకాలం ముగిసింది. 2025 డిసెంబరులో ఎన్నికలు జరిగే వరకు పల్లెలు ప్రత్యేకాధికారుల ఏలుబడిలోనే ఉన్నాయి. సర్పంచి లేని ఊళ్లో పంది ఆగుతుందా?

ఇంతకాలం ఈ అంశంపై సాగిన చర్చంతా అనుమతి ఎవరివ్వాలి, షూటర్ ఎప్పుడొస్తాడు, ఖర్చు ఎవరు భరించాలి అన్న వాటి చుట్టూనే తిరిగింది. ఏ ఆయుధంతో కాల్చాలన్న ప్రశ్న పెద్దగా వినిపించలేదు. నిజానికి మిగతా ప్రశ్నలన్నింటికంటే ముందు తేలాల్సింది అదే. కాల్చిన జంతువు అక్కడికక్కడే పడిపోతుందా, లేక గాయంతో ఊళ్లోకో అడవిలోకో పరుగు తీస్తుందా అన్నది చేతిలోని తుపాకీని బట్టే ఉంటుంది.

తూటా బరువు.. తూటా బలం

తుపాకీ గొట్టం లోపలి వ్యాసాన్నే క్యాలిబర్ అంటారు. .22 అంటే అంగుళంలో వందకు ఇరవై రెండు వంతులు. క్రీడా పోటీల్లో లక్ష్యాలను కొట్టడానికి ప్రపంచమంతటా వాడే రైఫిల్ ఇదే. తూటా బరువు సుమారు రెండున్నర గ్రాములు. గొట్టం నుంచి వెలువడేటప్పుడు దాని శక్తి రమారమి 150 నుంచి 190 జౌళ్లు. మన దేశంలో ప్రభుత్వ ఆయుధ కర్మాగారంలో తయారై, లైసెన్సుదారుల వద్ద కనిపించే .315 రైఫిల్ సంగతి వేరు. దాని తూటా దాదాపు 16 గ్రాములు. శక్తిలో .22 కంటే పదిహేను రెట్లు ఎక్కువ.

ముదురు మగ పంది క్వింటాలు తూగుతుంది. దాని భుజాల మీద చర్మం కింద డాలు లాంటి గట్టి పొర ఉంటుంది. తోటి మగ పందుల కోరల పోట్ల నుంచి కాపాడుకోవడానికి ప్రకృతి ఇచ్చిన కవచం అది. చిన్న తూటా ఆ పొరను చీల్చుకుని గుండె వరకు చేరడం కష్టం. కణుజు, మనుబోతు అంతకంటే భారీ జంతువులు. అయినా అక్రమ వేటగాళ్లు .22 వైపు మొగ్గు చూపడానికి కారణాలు లేకపోలేదు. చప్పుడు తక్కువ. తుపాకీ తేలిక. గురి తప్పదన్న నమ్మకం. చప్పుడు తక్కువన్నదే అన్నింటికన్నా పెద్ద ఆకర్షణ. బీట్ ఆఫీసరు చెవిన పడదు.

ఎయిర్‌గన్ సంగతి ఇంకా చిత్రం. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం 20 జౌళ్లకు మించని శక్తి, .177కు మించని క్యాలిబర్ ఉన్న ఎయిర్‌గన్‌కు లైసెన్సు అవసరం లేదు. లైసెన్సు అక్కర్లేదు గనుక వేటా తప్పు కాదని భ్రమపడేవారు పల్లెల్లో తక్కువేమీ లేరు. తుపాకీకి లైసెన్సు అక్కర్లేకపోవచ్చు, నెమలిని కొడితే మాత్రం జైలు ఖాయం.

బెల్ కథలో చెప్పని సగం

చిన్న తూటాతో పెద్ద జంతువును పడగొట్టవచ్చని వాదించేవారు తరచూ ఉదహరించే పేరు డబ్ల్యూ.డి.ఎం.బెల్. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో ఆఫ్రికాలో వెయ్యికి పైగా ఏనుగులను చంపిన స్కాట్లాండ్ వేటగాడాయన. అందులో అధిక భాగానికి వాడింది .275 రైఫిల్. తోటి వేటగాళ్లు .450, .577 లాంటి భారీ రైఫిళ్లు మోస్తున్న రోజుల్లో అది చిన్నదే. అయితే ఆ కథలో సగమే ప్రచారంలో ఉంది. ఏనుగు పుర్రెను రంపంతో కోయించి మెదడు ఎక్కడుందో, ఏ కోణం నుంచి దారి ఉందో బెల్ క్షుణ్ణంగా పరిశీలించారు. పైగా ఆయన వాడిన .275 తూటా బరువు సుమారు 11 గ్రాములు, అంటే .22 తూటాకు నాలుగింతలు. ఏనుగుల వేటలో చిన్నదిగా లెక్కకు వచ్చిన తూటాను పందుల మీద పేల్చే .22తో సమానం చేయడం సరికాదు. అందరూ బెల్‌లు కారు గనుకనే అనేక ఆఫ్రికా దేశాలు ఏనుగు, అడవి దున్న వంటి జంతువులకు .375 కంటే తక్కువ క్యాలిబర్ వాడరాదని చట్టం చేశాయి. బ్రిటన్ 1991 నాటి జింకల చట్టంలో మరింత స్పష్టంగా .240 క్యాలిబర్, దాదాపు 2,300 జౌళ్ల శక్తి కనీస హద్దులుగా పెట్టింది. అక్కడ జింకకే .22 పనికిరాదు.

మన నేల మీదికి వస్తే, చిత్తూరు ప్రాంతంలోని మామండూరు, చామల లోయల్లో నరభక్షక పులుల కోసం తిరిగిన కెన్నెత్ ఆండర్సన్ చేతిలో ఉండింది .405 వించెస్టర్. నిజాం హయాంలో నల్లమలకు వచ్చిన వేటగాళ్లూ సరంజామాతోనే వచ్చేవారు. ఫరహాబాద్‌లో శిథిలావస్థలో ఉన్న షికార్‌ఘర్ ఆ రోజులకు గుర్తు. అదే అడవిలో చెంచులు మాత్రం విల్లంబులతో వేటాడారు. 1940లో అమ్రాబాద్ పీఠభూమిలో చెంచుల మధ్య ఉండి అధ్యయనం చేసిన హైమెన్‌డార్ఫ్ వారి వేట గురించి వివరంగా రాశారు. బాణానికి తుపాకీ బలం లేదు. దగ్గరికి చేరనిదే పని జరగదు, తగిలాక నెత్తుటి జాడ పట్టి వెంట నడవనిదే మాంసం దక్కదు. దూరం నుంచి పేల్చి, పడకపోతే మరోదాని కోసం చూసే అలవాటు తుపాకీతోనే వచ్చింది.

చట్టంలో జారిపోయిన నియమం

ఆయుధం గురించి చట్టం ఒకప్పుడు మాట్లాడింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తొలి రూపంలో లైసెన్సుపై వేటకు అవకాశం ఉండేది. పెద్ద జంతువులను రైఫిల్‌తోనే వేటాడాలని, ప్రత్యేక అనుమతి ఉంటే తప్ప షాట్‌గన్ వాడరాదని, అదీ ఒంటి తూటాతోనే అని అందులో రాశారు. రాత్రి వేట, వాహనం మీద నుంచి కాల్చడం, నీటి కుంటల దగ్గర మాటు వేయడం నిషిద్ధాలు. 1991 సవరణతో లైసెన్సు వేట పూర్తిగా రద్దయింది. దానితో పాటు ఆ నియమాలన్నీ చట్టం నుంచి తొలగిపోయాయి. వేటే లేనప్పుడు వేట పద్ధతి ఎందుకన్నది అప్పటి తర్కం కావచ్చు.

కానీ 11వ సెక్షన్ మిగిలింది. మనుషుల ప్రాణాలకు గానీ, చేలలో నిలిచిన పంట సహా ఆస్తికి గానీ ప్రమాదకరంగా మారిన జంతువును చంపేందుకు రాతపూర్వకంగా, కారణాలు చూపి అనుమతించే అధికారం ఈ సెక్షన్ కింద అటవీ ఉన్నతాధికారులకు ఉంది. పందుల విషయంలో ఇప్పుడు నడుస్తున్నది ఈ దారే. అయితే ఈ సెక్షన్‌లో ఆయుధం ప్రస్తావన లేదు. చట్టం వదిలేసిన ఖాళీని అనుమతి ఉత్తర్వులోనే పూడ్చుకోవాలి.

ఇక రైతు చేతికి ఏ తుపాకీ వస్తుంది? 1959 ఆయుధాల చట్టం పంట రక్షణ కోసం ప్రస్తావించింది మూతి నుంచి మందు కూరి పేల్చే తుపాకీని. అది చాలదని లైసెన్సు ఇచ్చే అధికారి భావిస్తే గొట్టంలో గాడులు లేని మరో తుపాకీ ఇవ్వవచ్చు. అంటే ఒకే పంది విషయంలో రెండు చట్టాలు రెండు దారుల్లో ఉన్నాయి. ఒకటి చంపడానికి అనుమతిస్తే, రెండోది తాతల కాలం నాటి ఆయుధాన్ని చేతికిస్తుంది. కూరిన మందుకు తేమ తగిలితే పేలదు, పేలినా రెండో దెబ్బకు వ్యవధి ఉండదు. ఎన్నికల నియమావళి వస్తే ఆ తుపాకీని సైతం ఠాణాలో అప్పగించమంటారు. పంటకాలం, ఎన్నికల కాలం ఒకటైతే రైతుకు మళ్లీ డబ్బా మోతే గతి.

అందుకే రైఫిల్ ఉన్న షూటర్ కోసం హైదరాబాద్ వైపు చూడాల్సి వస్తోంది. 2016 జూన్‌లో బీహార్‌లోని మొకామా ప్రాంతంలో రెండు వందలకు పైగా మనుబోతులను కాల్చింది కూడా హైదరాబాద్ నుంచి వెళ్లిన షూటర్లే. దేశమంతా ఆ నగరం వైపు చూస్తున్నప్పుడు పదర మండలంలోని ఒక తండాకు షూటర్ వంతు ఎప్పుడొస్తుందో ఊహించుకోవచ్చు. ఈ లోపు కొందరు చేలకు కరెంటు తీగలు చుడుతున్నారు. మేతలో నాటు బాంబులు పెడుతున్నారు. తీగలకు పందితో పాటు పక్క చేను రైతూ బలైన సంఘటనలు ఉమ్మడి జిల్లాలకు కొత్త కాదు. నాటు తుపాకీలో సైకిల్ బేరింగు గుళ్లు కూరి పేల్చేవారూ ఉన్నారు. తుపాకీ పగిలితే ముందు పోయేది పేల్చినవాడి చెయ్యే.

గాయంతో తిరిగే జంతువు

పొట్టలో తూటా దిగిన పంది అప్పటికప్పుడు చావదు. కిలోమీటర్ల కొద్దీ పరుగెత్తి, పొదల్లో దూరి, రోజుల తరబడి కుళ్లి చస్తుంది. ఈ లోపు కట్టెలకో, మేకల వెంటో వెళ్లినవారు ఎదురుపడితే కోరతో తొడ చీల్చుతుంది. పంది తాకిడి అంటే ఏమిటో ఈ ప్రాంత వాసులకు వేరే చెప్పనక్కర్లేదు.

పులి విషయంలో ఫలితం ఇంకా భయంకరం. కుమావూ కొండల్లో, నేపాల్‌లో కలిపి 436 మందిని పొట్టన పెట్టుకున్నట్లు చెప్పే చంపావత్ ఆడపులిని 1907లో జిమ్ కార్బెట్ చంపారు. దాని కుడి వైపు కోరలు రెండూ విరిగి ఉన్నాయి. పాత తుపాకీ దెబ్బే కారణమని ఆయన తేల్చారు. సహజమైన ఆహారాన్ని వేటాడలేకనే అది మనుషుల మీద పడింది. ఎవరో ఎప్పుడో గురి తప్పి కాల్చి, వెంట వెళ్లకుండా ఇంటికి పోయిన దెబ్బకు వందల కుటుంబాలు మూల్యం చెల్లించాయి.

ఈ ఉదంతం ఇక్కడ ఎందుకంటే, 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ పులుల అభయారణ్యం నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లోనే విస్తరించి ఉంది. పంది కోసం రాత్రిపూట పేల్చిన తూటా పంది వెంటే వచ్చిన పులికో చిరుతకో తగలదన్న భరోసా ఎవరివ్వగలరు? చీకట్లో పొద కదిలితే పేల్చడం ఈ ప్రాంతంలో ఎంత ప్రమాదమో అటవీ సిబ్బందికీ తెలుసు, రైతుకూ తెలుసు. పైగా ఇది రాళ్ల సీమ. చిన్న .22 తూటా కూడా మైలుకు పైగా పోగలదు. బండకు తగిలి దారి మళ్లితే తండా గుడిసెల మీదికే.

నారాయణపేట జిల్లాలో సమస్య మరో రకం. కృష్ణ, మాగనూరు, మక్తల్ మండలాల్లో కృష్ణజింకల మందలు కంది, పత్తి మొలకలను మేసి పోతున్నాయి. అక్కడి రైతులూ పందుల తరహా అనుమతి కోరడం సహజమే. అయితే కృష్ణజింక చట్టంలోని మొదటి షెడ్యూలులో ఉంది. పంట నష్టం చూపి దాన్ని చంపేందుకు 11వ సెక్షన్‌లో దారి లేదు. వేటాడితే మూడు నుంచి ఏడేళ్ల జైలు. అక్కడ పట్టి తరలించడం, నష్టపరిహారం సకాలంలో చెల్లించడం తప్ప తుపాకీకి చోటు లేదు.

పందుల విషయంలోనైనా చేయదగింది లేకపోలేదు. అనుమతి పత్రంలో చేను సర్వే నంబరుతో పాటు తుపాకీ క్యాలిబర్, తూటా రకం రాయించాలి. .22, ఎయిర్‌గన్, గుళ్ల తూటాలు నిషేధించాలి. కాల్చిన జంతువు పడకపోతే తెల్లవారగానే అటవీ సిబ్బందితో కలిసి జాడ తీసే బాధ్యత షూటర్‌దే కావాలి. ఆ పనికి నెత్తుటి జాడ పట్టడంలో ఆరితేరిన చెంచు యువకులను కూలి ఇచ్చి నియమించుకోవచ్చు. అటవీ శాఖ కొలువుల్లో వారు ఇప్పటికే ఉన్నారు. చంపిన పంది చట్టప్రకారం ప్రభుత్వ ఆస్తి గనుక పంచనామా ఎలాగూ తప్పదు. ఆ పంచనామాలో ఎన్ని తూటాలు పేలాయి, ఎన్ని జంతువులు దొరికాయి అని రెండు గడులు అదనంగా గీస్తే, గాయంతో అడవిలోకి పోయినవి ఎన్నో తేలుతుంది.