డౌన్‌లోడ్‌కి కళ్లెం వేశారు సరే, అప్‌లోడ్ సంగతేంటి?

హాస్టల్ అయినా, కాలేజీ ల్యాబ్ అయినా, చిన్న ఆఫీసు అయినా నెట్ స్లో అనగానే అందరూ ముందు చూసేది డౌన్‌లోడ్ స్పీడే. నెట్‌వర్క్ చూసుకునే అడ్మిన్ కూడా అంతే. స్క్విడ్ లాంటి క్యాషింగ్ ప్రాక్సీ పెట్టి, మనిషికి ఇంత అని డౌన్‌లోడ్ లిమిట్ వేసేసి, ఇక పనైపోయింది అనుకుంటాడు. కానీ పది మంది పంచుకునే లైన్‌లో చాలాసార్లు అసలు గొడవ అప్‌లోడ్‌తోనే. దాన్ని కంట్రోల్ చేయాల్సిన చోటు మాత్రం ప్రాక్సీ కాదు అని నా అభిప్రాయం.

ఎందుకో చూద్దాం. లైన్‌కి డౌన్‌లోడ్ 100 ఎంబీపీఎస్, అప్‌లోడ్ 10 ఎంబీపీఎస్ అనుకోండి. ఒకరి ఫోన్ 1 జీబీ వీడియోని క్లౌడ్‌కి బ్యాకప్ చేస్తుంటే, లైన్ మొత్తం దానికే ఇచ్చినా 13 నిమిషాలు దాటుతుంది. ఈలోపు మోడెమ్ బఫర్‌లో 1 ఎంబీ డేటా క్యూ కట్టిందంటే, అది ఖాళీ అవ్వడానికే 0.8 సెకన్లు పడుతుంది. పక్క రూమ్‌లో ఆన్‌లైన్ ఇంటర్వ్యూ ఇస్తున్నవాళ్ల మాట కూడా ఆ క్యూ వెనకే నిలబడాలి. దీన్నే బఫర్‌బ్లోట్ అంటారు. డేటా అందింది అని చెప్పే చిన్న ఏసీకే ప్యాకెట్లు కూడా ఇదే దారిలో వెళ్లాలి కాబట్టి, అప్‌లోడ్ జామ్ అయితే డౌన్‌లోడ్ కూడా పడిపోతుంది.

మరి ప్రాక్సీ ఏం చేయలేదా? క్యాష్ అనేది బయటి నుంచి వచ్చిన ఫైల్‌ని దాచిపెట్టి, రెండోసారి అడిగినవాళ్లకి ఇచ్చేది. మీరు పంపే ఫొటో మీది మాత్రమే, అక్కడ దాచి మిగిల్చేదేమీ లేదు. స్క్విడ్‌లోని డిలే పూల్స్ సర్వర్ నుంచి వచ్చే డేటానే నెమ్మది చేస్తాయి. 3.2 వెర్షన్‌లో వచ్చిన క్లయింట్ డిలే పూల్స్ కూడా స్క్విడ్ నుంచి యూజర్‌కి వెళ్లే స్పీడ్‌నే ఆపుతాయి. రెండూ డౌన్‌లోడ్ వైపే! అప్‌లోడ్ ఫైల్ సైజ్‌కి లిమిట్ పెట్టే సెట్టింగ్ ఒకటుంది కానీ, అది స్పీడ్‌ని తగ్గించదు. పైగా హెచ్‌టీటీపీఎస్ టన్నెల్ లోపల ఏం వెళ్తుందో దానికి కనపడదు. ఇప్పుడు వెబ్‌లో చాలా వరకు హెచ్‌టీటీపీఎస్సే కదా.

ఇంకో చిక్కు కూడా ఉంది. యూజర్ నుంచి ప్రాక్సీకి ఒక కనెక్షన్, ప్రాక్సీ నుంచి ఇంటర్నెట్‌కి మరొకటి. బయటి వైపు నుంచి చూస్తే ప్రాక్సీ ద్వారా వెళ్లే ప్యాకెట్లన్నీ ప్రాక్సీ ఐపీతోనే కనిపిస్తాయి. అక్కడ నిలబడి ఎవరు ఎంత పంపుతున్నారో పట్టుకోవడం కష్టం. అందుకే లిమిట్‌ని యూజర్ల వైపు, అంటే ల్యాన్ నుంచి డేటా లోపలికి వచ్చే చోట పెట్టాలి. లైనక్స్ గేట్‌వే అయితే ఆ ట్రాఫిక్‌ని ఐఎఫ్‌బీ అనే వర్చువల్ ఇంటర్‌ఫేస్‌కి మళ్లించి, అక్కడ టీసీ కమాండ్‌తో షేప్ చేయొచ్చు.

"అంత ఎందుకు, తలా 512 కేబీపీఎస్ ఇచ్చేస్తే పోలా?" అంటారు కొందరు. 20 మంది ఉంటే లెక్క దాదాపు సరిపోతుంది, నిజమే. కానీ అర్ధరాత్రి ఒక్కరే ప్రాజెక్ట్ ఫైల్ పంపుతున్నా అదే 512 దగ్గర ఆగిపోతారు. 1 జీబీకి నాలుగు గంటల పైనే! మిగతా లైన్ ఖాళీగా పడి ఉంటుంది. ఇది న్యాయం కాదు, వృథా.

నా ఓటు సమానంగా పంచే పద్ధతికే. 2018లో లైనక్స్ 4.19 కెర్నెల్‌లో చేరిన కేక్ అనే క్యూ సిస్టమ్ సరిగ్గా ఈ పనే చేస్తుంది. మొత్తం లిమిట్‌ని అసలు అప్‌లోడ్ స్పీడ్‌లో 90 శాతం దగ్గర పెట్టి, ఒక్కో యూజర్ ఐపీకి సమాన వాటా ఇవ్వమని చెప్తే చాలు. ఒక్కరే ఉంటే లైన్ దాదాపు మొత్తం వాళ్లదే, ఇరవై మంది ఉంటే ఇరవై వాటాలు. క్యూ మోడెమ్‌లో పేరుకోదు కాబట్టి కాల్స్ కూడా తెగవు. ప్రాసెసర్ మీద కాస్త భారం పడుతుంది, కాబట్టి చవక రూటర్ హై స్పీడ్ లైన్‌ని షేప్ చేయలేకపోవచ్చు. 10 ఎంబీపీఎస్ అప్‌లోడ్‌కి మాత్రం ఆ భయం అక్కర్లేదు.

"బ్యాకప్ ఆఫ్ చేయండి" అని గోడ మీద నోటీసు అంటిస్తే సమస్య తీరదు. బ్యాకప్ చేసుకోవడం తప్పేం కాదు, దానికోసం ఇంకొకరి ఇంటర్వ్యూ ఆగిపోవడమే తప్పు. మీ నెట్‌వర్క్ పరిస్థితి తెలుసుకోవాలంటే ఒక పెద్ద ఫైల్ అప్‌లోడ్‌కి పెట్టి, అదే టైమ్‌లో పింగ్ చూడండి. 20 ఎంఎస్ ఉండేది 500 దాటితే అడ్మిన్‌కి ఆ స్క్రీన్‌షాట్ చూపించండి. ఈసారి రూటర్ కొనేటప్పుడు కూడా యాంటెన్నాలు లెక్కపెట్టే ముందు, అందులో ఎస్‌క్యూఎం ఉందో లేదో అడగండి.