గ్రిడ్ లెక్కలో మన గూడెం ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కడుంది?

ఎలక్ట్రికల్ చదువుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు కాస్త ఓపిగ్గా చదవండి.

రామగుండం ఎన్టీపీసీ పాత ప్లాంటు 2600 మెగావాట్లది. మొదటి యూనిట్ 1983లో మొదలైంది. బొగ్గు మన సింగరేణిది. అక్కడి కరెంటు పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ల మీదుగా 400 కేవీకి ఎక్కి గ్రిడ్‌లోకి పోతది. కరెంటు పోతే ఏమైతదో చూసే సిమ్యులేషన్‌లో అసొంటి ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కొక్కదానికి లెక్క ఉంటది: కెపాసిటీ, ఇంపీడెన్స్, ట్యాప్. ఒకదాన్ని తీసేసి, మిగతావి బరువు మోస్తయా లేదా అని చూస్తరు. దీన్నే ఎన్ మైనస్ వన్ అంటరు. మంచి పద్ధతే.

మరి మన గూడెంలోని 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్? ఆ మోడల్ సబ్‌స్టేషన్ దగ్గరే ఆగిపోతది. దాని కింది ఊర్లు, మోటార్లు, ఇండ్లు అన్నీ కలిపి 'లోడ్' అని ఒకే అంకె. మనది కాలిపోయినా ఆ అంకె కదిలినట్టు కూడా కనిపించదు. గ్రిడ్ బాగుందని కంప్యూటర్ చెప్తది, మనం చీకట్ల ఉంటం.

పెద్ద గ్రిడ్ నిలబడ్తదా అనే ప్రశ్నకు ఆ మోడల్ సరిపోతది, కాదనం. మన ప్రశ్న వేరు: మన ట్రాన్స్‌ఫార్మర్ ఎందుకు కాల్తున్నది?

లెక్క కష్టమేం కాదు. 5 హెచ్‌పీ మోటారు దాదాపు 5.4 కేవీఏ గుంజుతది. నాలుగు నడిస్తే 22కు దగ్గర. ఐదోది వేస్తే 27. ఇండ్ల లైట్లు ఇంకా కలపనేలేదు. పోయిన కరెంటు తిరిగొస్తే ఆటో స్టార్టర్లున్న మోటార్లన్నీ ఒకేసారి లేస్తయ్, ఆ క్షణంల ఒక్కోటి ఐదారు రెట్లు కరెంటు లాగుతది. లోపలి కాయిల్ వేడి 98 డిగ్రీలు దాటితే, ప్రతి 6 డిగ్రీలకు ఇన్సులేషన్ కాగితం చెడిపోయే వేగం రెట్టింపైతది. అంటే ట్రాన్స్‌ఫార్మర్ కాలేది ఒక్కరోజే గానీ, చెడిపోయేది ఏండ్ల తరబడి.

అందుకే మా మాట ఇది. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకు పుస్తకంలోని ఐఈఈఈ 14 బస్ సిస్టమే మళ్లీ చేయకండి. మీ గూడెం ఫీడర్ తీసుకోండి. ఏ ట్రాన్స్‌ఫార్మర్ కింద ఎన్ని మోటార్లు, ఎన్ని ఇండ్లు, ఎన్నిసార్లు కాలింది, మార్చడానికి ఎన్ని రోజులు పట్టింది, ఊరోళ్లను, లైన్‌మన్‌ను అడిగి రాయండి. ఓపెన్‌డీఎస్ఎస్ ఉచితంగా దొరుకుతది, దాంట్ల పెట్టి నడపండి.

'కరెంటు సక్కగ వస్తలేదు' అనే దరఖాస్తును పక్కన పడేయొచ్చు. 'ఇక్కడ 25 సరిపోదు, 63 కేవీఏ కావాలె, ఇదిగో లెక్క' అంటే జవాబు చెప్పక తప్పదు. మన చదువు ముందు మన గూడేనికి పనికిరావాలె.